కాన్పు మరణాల లెక్క ఎవరి చేతుల్లో?

2010 ఏప్రిల్‌లో లాన్సెట్ వైద్యపత్రిక ఒక మంచి వార్త అచ్చేసింది. ప్రపంచం మొత్తం మీద గర్భిణుల, బాలింతల మరణాలు 1980లో 5,26,300 ఉంటే, 2008 నాటికి 3,42,900కి దిగాయని సియాటిల్‌లోని పరిశోధకులు లెక్కగట్టారు. అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా 'ఏటా ఐదు లక్షల మంది తల్లులు' అన్న మాట కరపత్రాల్లోనూ ఉపన్యాసాల్లోనూ చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు కూడా 2005 సంవత్సరానికి 5,36,000 అనే చెప్పాయి. ఇప్పుడు ఆ సంఖ్య తగ్గిందంటే తల్లుల కోసం పాటుపడేవాళ్ళు సంతోషించాలి కదా. కానీ ఆ వ్యాసాన్ని కొన్నాళ్ళు ఆపమని తన మీద ఒత్తిడి తెచ్చారని పత్రిక సంపాదకుడు రిచర్డ్ హోర్టన్ విలేఖరులకు చెప్పాడు. ఆపమన్నది ఎవరో కాదు, మహిళల ఆరోగ్యం కోసం ప్రచారం చేసేవాళ్ళే. ముఖ్యమైన సమావేశాలు దగ్గరపడ్డాయి, అవి అయ్యాక వేసుకోమన్నారట.

వాళ్ళని తప్పుపట్టడం తేలిక. నాకు మాత్రం ఆ కంగారులో ఈ రంగం గుట్టంతా బయటపడినట్టు అనిపిస్తుంది. ఒక సంఖ్య ఎంత నిజమో చూడటంతో పాటు, అది ఎవరి చేత ఏం చేయిస్తుందో కూడా నిపుణులు చూస్తారు. ఎప్పటినుంచో చూస్తున్నారు. ఆధారాలు చూసి విధానాలు పుడతాయని పుస్తకాల్లో చదువుకుంటాం. మాతృ ఆరోగ్యం చరిత్ర కాస్త దగ్గరగా చదివితే ఇంకోటి కనిపిస్తుంది. ఏ ఆధారమైనా ఒక ప్రశ్నకు జవాబుగా పుడుతుంది. విధానం దాన్ని ఎత్తుకుపోయి వేరే ప్రశ్న ముందు కూర్చోబెడుతుంది.

చావును లెక్కపెట్టడం

ముందు లెక్క సంగతి. గర్భంతో ఉండగా గానీ, గర్భం ముగిసిన 42 రోజుల్లోపు గానీ, ఆ గర్భం కారణంగా లేదా దానివల్ల ముదిరిన జబ్బుతో పోతే అది మాతృ మరణం. రోడ్డు ప్రమాదంలో పోతే కాదు. నిర్వచనంలో తికమక లేదు. తికమకంతా ఊళ్ళో ఉంటుంది. రెండో నెలలో గర్భం తీయించుకుని, లోపల చీముపట్టి చనిపోయిన అమ్మాయి గర్భవతి అని ఇంట్లోవాళ్ళకే తెలియకపోవచ్చు. తెలిసినా నమోదు చేసే మనిషికి చెప్పరు.

పైగా ఈ చావులు అరుదు. అందుకే లక్ష కాన్పులకు ఎన్ని అని చెబుతారు. మన దేశంలో నమూనా నమోదు వ్యవస్థ లక్షలాది మంది జనాభాను ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉంటుంది. అయినా మూడేళ్ళ లెక్కలు కలిపితే తప్ప ఒక రాష్ట్రానికి ఒక సంఖ్య తేలదు. 2018-20 లెక్కల్లో దేశం మొత్తానికి 97, అస్సాంకు 195, కేరళకు 19. ఆంధ్రప్రదేశ్‌కు 45, తెలంగాణకు 43. ఈ 43కీ 45కీ మధ్య తేడా మీద రెండు రాష్ట్రాల నాయకులు గొప్పలు చెప్పుకోవచ్చు గానీ, ఇంత చిన్న నమూనాలో ఆ రెండూ ఒకటే అని లెక్కలు వేసే మనిషి చెబుతాడు.

పుట్టుకలూ చావులూ నమోదే కాని దేశాల కోసం 1989లో వెండీ గ్రాహమ్, విలియం బ్రాస్, రాబర్ట్ స్నో ఒక ఉపాయం కనిపెట్టారు. ఇంటింటికీ వెళ్ళి పెద్దవాళ్ళని అక్కచెల్లెళ్ళ గురించి అడగడం. ఎంతమంది ఈడుకొచ్చారు, ఎంతమంది బతికున్నారు, పోయినవాళ్ళలో కడుపుతోనో కాన్పులోనో పురిట్లోనో పోయినవాళ్ళెవరు? ఇంటికి నలుగురైదుగురు తోబుట్టువులుండే రోజుల్లో ఒక్క మనిషిని అడిగితే నలుగురి కథ తెలుస్తుంది. నాకు తెలిసినంతలో ఈ రంగంలో ఇంత సొగసైన ఆలోచన మరోటి లేదు. ఏ ఇంట్లోనైనా మరిచిపోలేని విషయాన్నే అడుగుతారు. చిక్కల్లా ఒకటే. ఆ జవాబులు సుమారు పన్నెండేళ్ళ కిందటి పరిస్థితిని చెబుతాయి. నిరుడు ఇచ్చిన డబ్బుకు ఈ ఏడు ఫలితం చూపమనే దాతకు ఇది పనికిరాదు.

అందుకని నమూనా సమీకరణాలు వచ్చాయి. లెక్కలు సరిగా లేని దేశానికి ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం మరణాలను అంచనా వేస్తుంది. ఆ అంచనాలోకి వెళ్ళే దినుసులు ముఖ్యంగా మూడు: తలసరి ఆదాయం, కాన్పుల రేటు, శిక్షణ పొందినవాళ్ళ చేతుల మీదుగా జరిగే కాన్పుల శాతం. మూడోదాన్ని గమనించండి. శిక్షణ ఉన్నవాళ్ళ చేత కాన్పులు చేయిస్తే మరణాలు తగ్గుతాయన్నది విధానం. ఒక దేశంలో ఆ శాతం పెరిగిందంటే సమీకరణం దానంతట అదే మరణాలను తగ్గించి చూపిస్తుంది. తగ్గాయి కాబట్టి విధానం పనిచేసినట్టేనని మరుసటి ఏడు నివేదికలో రాసుకోవచ్చు. గానుగెద్దు ఎంత నడిచినా ఊరు దాటనట్టు, ఈ వాదన తన చుట్టూ తానే తిరుగుతుంది. అంచనాలు వేసేవాళ్ళకు ఇది బాగా తెలుసు. తమ సంఖ్యలతో ఒక పథకం ఫలితాన్ని కొలవొద్దని వాళ్ళే చెబుతారు. ఆ మాట నివేదిక లోపల ఉండిపోతుంది, సంఖ్య ఒక్కటే బయటికి వస్తుంది.

2010 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి కూడా తన లెక్కను సవరించి 2008కి 3,58,000 అంది. రెండు బృందాలూ దాదాపు ఒక చోటికే చేరాయి. ఐదు లక్షలన్న మాట అలా నిశ్శబ్దంగా వెళ్ళిపోయింది. ఆ మధ్య వచ్చిన అంచనా ప్రకారం 2023లో ప్రపంచంలో 2,60,000 మంది పోయారు. అందులో 75,000 మంది నైజీరియాలో, 19,000 మంది భారతదేశంలో.

'ఎం' ఎక్కడికి పోయింది?

కథ ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి. 1985లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆలన్ రోజెన్‌ఫీల్డ్, డెబొరా మెయిన్ ఒక వ్యాసం రాశారు. తల్లీపిల్లల ఆరోగ్యం పేరుతో నడిచే పథకాల ఇంగ్లీషు పొడి అక్షరాలు ఎం.సి.హెచ్. ఇందులో 'ఎం' ఎక్కడుందని వాళ్ళడిగారు. టీకాలు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు, బరువు తూచడం అన్నీ బిడ్డ కోసమే. తల్లి ఉన్నది బిడ్డను మోసి తేవడానికన్నట్టుంది వ్యవహారం. రెండేళ్ళకు, 1987 ఫిబ్రవరిలో నైరోబీలో ప్రపంచ బ్యాంకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి కలిసి సభ పెట్టాయి. 2000 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్న సంకల్పం అక్కడిదే.

నైరోబీలో మాట్లాడిన విషయాల పట్టిక పెద్దది. ఆడపిల్ల చదువు, పెళ్ళి వయసు, తిండి, కుటుంబ నియంత్రణ, దారులు, ఆస్పత్రులు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పట్టిక చిక్కిపోయింది. ఇలా ఎందుకు చిక్కిందో కాటరీని స్టోరెంగ్, డొమినిక్ బెహాగ్ అనే ఇద్దరు మానవశాస్త్రజ్ఞులు తవ్వి చూశారు. గిరిజన గూడేలను అధ్యయనం చేసే పద్ధతిలో వీళ్ళు అంతర్జాతీయ నిపుణులను అధ్యయనం చేశారు. సమావేశాల్లో కూర్చున్నారు, నిపుణులతో గంటల తరబడి మాట్లాడారు. 2014లో అచ్చయిన వాళ్ళ వ్యాసం సారం నా మాటల్లో ఇది: ఎయిడ్స్‌కు మందుంది, మలేరియాకు దోమతెర ఉంది, పోలియోకు చుక్కలున్నాయి. తల్లుల కోసం అడిగేవాళ్ళ దగ్గర చేత్తో పట్టుకుని చూపించే వస్తువు లేదు. 'ఆస్పత్రి వ్యవస్థ మొత్తం బాగుపడాలి' అంటే దాతలు మొహం తిప్పేసుకుంటారు. కాబట్టి వాళ్ళు కూడా కొలవగలిగినవే అడగడం నేర్చుకున్నారు, కొలిచిన ఆధారాలనే పోగేశారు. పోటీలో నిలబడటానికి నేర్చుకున్న భాష, కొన్నాళ్ళకు వాళ్ళ ఆలోచననే ఇరుకు చేసింది. రాజకీయ శాస్త్రజ్ఞుడు జెరెమీ షిఫ్‌మన్ 2007లోనే దీనికి ఇంకో కోణం చూపించాడు. ఏది చేయాలో నిపుణులే ఒక్క మాట మీద లేకపోతే మంత్రులు ఎవరి మాట వింటారన్నది ఆయన ప్రశ్న.

ఒక్క మాట మీదికి రావడానికి చేసిన ప్రయత్నాల్లో బలైపోయింది మంత్రసాని. డెబ్బైల్లో, ఎనభైల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థే మంత్రసానులకు శిక్షణ ఇవ్వమంది. మన ఊళ్ళలోనూ కొత్త బ్లేడు, శుభ్రమైన దారం ఉన్న కిట్లు పంచారు. 1997లో కొలంబోలో జరిగిన నిపుణుల సమావేశం నాటికి గాలి మారింది. ప్రతి గర్భానికీ ముప్పు ఉంది, ఎవరికి ముంచుకొస్తుందో ముందే చెప్పలేం, కాబట్టి ప్రతి కాన్పూ శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేతిలోనే జరగాలి అన్నారు. మొదటి రెండు మాటలకు బలమైన ఆధారం ఉంది. మూడోదానికి ఉన్నది చరిత్ర, తర్కం. మంత్రసానిని పక్కన పెట్టమని చెప్పిన పెద్ద పరీక్ష ఏదీ అప్పటికి లేదు. విచిత్రమేమంటే, పక్కన పెట్టేశాక పరీక్ష వచ్చింది. పాకిస్తాన్ సింధు ప్రాంతంలోని లర్కానాలో దాయీలకు, అంటే అక్కడి మంత్రసానులకు, శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాలతో కలిపితే కడుపులోనూ, పుట్టిన వారంలోనూ పోయే శిశువుల మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2005లో తేలింది. తల్లుల మరణాలూ తగ్గినట్టు కనిపించింది గానీ, గట్టిగా చెప్పడానికి సంఖ్య చాలలేదు. విధానం అప్పటికే దాటిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు.

ఆధారం ఎంత జారుడు వస్తువో బంగ్లాదేశ్‌లోని మత్లబ్ చెబుతుంది. పుట్టుకలూ చావులూ వదలకుండా రాసిపెట్టే ఊళ్ళు అవి, పరిశోధకులకు గని లాంటివి. కొన్ని ఊళ్ళలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను పెట్టాక తల్లుల మరణాలు బాగా తగ్గాయని 1991లో ఒక పత్రం చెప్పింది. ప్రపంచమంతా దాన్ని ఉదహరించింది. 1997లో కారీన్ రోన్స్‌మాన్స్ బృందం ఇంకాస్త వెనక్కీ, ఇంకాస్త పక్కకీ చూసింది. మిడ్‌వైఫ్‌లు లేని పొరుగు ఊళ్ళలోనూ మరణాలు తగ్గాయి. ఆ వ్యాసానికి వాళ్ళు పెట్టిన పేరులోనే హెచ్చరిక ఉంది. కొలంబో సమావేశం జరిగింది కూడా సరిగ్గా ఆ ఏడాదే.

చీటీలు వేసి తేల్చడం

ఇలాంటి మోసాలకు విరుగుడు ఉంది. సగం మందికి మందు, సగం మందికి వేరేది, ఎవరికేదో చీటీ వేసి నిర్ణయించడం. ప్రసూతి వైద్యంలో ఇది ఆలస్యంగా వచ్చింది. బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కాక్రన్ 1979లో అన్ని వైద్యశాఖల్లో ఆధారం లేకుండా పనిచేసేది ప్రసూతి శాఖేనని, ఆఖరి ర్యాంకు వాడికి ఎగతాళిగా ఇచ్చే కొయ్య గరిటెను దానికి బహూకరించాడు. ఆ అవమానం మేలు చేసింది. ఇయాన్ చామర్స్, అతని తోటివాళ్ళు కాన్పుల మీద జరిగిన పరీక్షలన్నీ ఏరి 1989లో రెండు పెద్ద సంపుటాలు తెచ్చారు. 1993లో పుట్టిన కాక్రన్ సంస్థకు మూలం అదే. అంటే ఈ రోజు వైద్యమంతా వాడుతున్న ఆధారాల యంత్రాన్ని మొదట బిగించింది పురిటి గదిలో.

ఆ యంత్రం ఎంత గొప్పగా పనిచేయగలదో గుర్రపువాతం కథ చెబుతుంది. నెలలు నిండే వేళ రక్తపోటు పెరిగి మూర్ఛలొచ్చే ఈ జబ్బుకు ఒక్కో దేశంలో ఒక్కో మందు. కొందరు డయాజెపామ్, కొందరు ఫెనిటాయిన్, కొందరు మెగ్నీషియం సల్ఫేట్ అనే చవక ఉప్పు ఇచ్చేవాళ్ళు. ఎవరి అనుభవం వాళ్ళది, ఎవరి గురువు వాళ్ళది. 1995లో లెలా డ్యూలీ బృందం పేద దేశాల ఆస్పత్రుల్లో 1,687 మంది తల్లుల మీద జరిపిన పరీక్షలో ఉప్పు గెలిచింది. మళ్ళీ మూర్ఛ వచ్చే అవకాశం డయాజెపామ్‌తో పోలిస్తే 52 శాతం, ఫెనిటాయిన్‌తో పోలిస్తే 67 శాతం తక్కువ. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా తల్లుల మీద జరిగిన మాగ్‌పై పరీక్ష ఇంకో మెట్టు ఎక్కింది. మూర్ఛ రాకముందే ఇస్తే సగానికి పైగా ఆపవచ్చని చూపింది. దశాబ్దాల తగువు అలా తీరింది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, 'ఈ పరీక్షలన్నీ పడమటివాళ్ళ మోజు' అని కొట్టిపారేసేవాళ్ళ నోరు మూయించడానికి. ఇక్కడ ప్రశ్న చిన్నది, జవాబు ఆ ప్రశ్నకు సరిపడా ఉంది. ఏ ఆస్పత్రిలోనైనా, ఏ తల్లికైనా సూది అదే.

సూది దాటితే కష్టాలు మొదలవుతాయి. 1999లో నేపాల్‌లోని సర్లాహీ జిల్లాలో ఆడవాళ్ళకు వారానికొక విటమిన్ ఏ లేదా బీటా కెరోటిన్ గుళిక ఇస్తే గర్భిణుల, బాలింతల మరణాలు 44 శాతం తగ్గాయన్నారు. చవక గుళిక, పెద్ద ఫలితం, దాతలకు అంతకన్నా ఏం కావాలి? అదృష్టవశాత్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థ తొందరపడలేదు. ఘనాలో రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్ళతో మళ్ళీ పరీక్షించి 2010లో ప్రకటించారు. ఏమీ తేడా లేదు. బంగ్లాదేశ్‌లోనూ అంతే. నేపాల్ పరీక్షలో తప్పు జరిగిందా అంటే, అదీ కాకపోవచ్చు. రేచీకటి ఎక్కువగా ఉన్న ఆ పల్లెలు వేరు, ఘనా వేరు.

కాక్రన్ సంస్థ చిహ్నం చూశారా? గుండ్రటి గీతల మధ్య అడ్డగీతలు కనిపిస్తాయి. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి స్టీరాయిడ్ సూది ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు బలపడతాయన్న పరీక్షల బొమ్మ అది. ఆధారాల వైద్యానికి అదే జెండా. ఆ సూదిని పల్లె స్థాయికి తీసుకెళ్తే ఏమవుతుందో బెళగావి, నాగపూర్‌లతో సహా ఆరు దేశాల్లోని ప్రాంతాల్లో పరీక్షించారు. 2015లో ఫలితం వచ్చింది. పసికందుల మరణాలు తగ్గకపోగా, ఈ పద్ధతి అమలైన చోట్ల ప్రతి వెయ్యి మంది తల్లులకూ మూడు నాలుగు శిశుమరణాలు ఎక్కువయ్యాయి. తల్లుల్లో చీము జ్వరాలూ పెరిగాయి. స్కానింగ్ లేనిచోట నెలలు సరిగా తెలియవు. నిండు నెలల బిడ్డలకూ సూది వెళ్ళిపోయింది. ఐదేళ్ళ తరువాత మంచి వసతులున్న ఆస్పత్రుల్లో అదే సూదిని పరీక్షిస్తే మేలే జరిగింది. మందు మారలేదు. దాని చుట్టూ ఉన్న గది మారింది.

ఉత్తరప్రదేశ్‌లో ఒక చెక్‌లిస్టు

నా దృష్టిలో ఈ పాతికేళ్ళలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన పరీక్ష ఫలితం ఇవ్వని పరీక్షే. అతుల్ గవాండే పేరు చాలామంది వినే ఉంటారు. ఆపరేషన్ గదిలో చెక్‌లిస్టు పెడితే మరణాలు తగ్గుతాయని చూపిన సర్జన్. ఆ ఆలోచననే పురిటి గదికి తెచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన జాబితాలో 28 అంశాలు: చేతులు కడిగావా, రక్తపోటు చూశావా, బిడ్డను తల్లి ఒంటికి ఆనించావా, ఇలా. ఉత్తరప్రదేశ్‌లోని 24 జిల్లాల్లో 120 ఆరోగ్య కేంద్రాలను తీసుకున్నారు. సగం కేంద్రాల్లో నర్సుల పక్కన నిలబడి ఎనిమిది నెలలు నేర్పారు. లక్షన్నర కాన్పులకు పైగా లెక్కలోకి వచ్చాయి.

నర్సులు మారారు. మొదట్లో నేర్పిన చోట చేయవలసిన పనుల్లో 73 శాతం చేస్తుంటే, నేర్పని చోట 42 శాతమే చేస్తున్నారు. మరి చావులు? తల్లీబిడ్డల మరణాలూ, తల్లికి వచ్చిన పెద్ద ఉపద్రవాలూ కలిపి ఒకవైపు 15.1 శాతం, ఇంకోవైపు 15.3 శాతం. అంటే ఏమీ లేదు. 2017లో దీన్ని దాచకుండా ప్రకటించినందుకు ఆ బృందానికి దండం పెట్టాలి. చేతులు కడుక్కుంటే చీము తగ్గుతుంది గానీ, నెత్తురు సీసా రాదు. పెద్దాపరేషన్ చేసే డాక్టరు రాడు. రాత్రి రెండు గంటలకు అంబులెన్సు డ్రైవరు నిద్ర లేవడు. ఈ ఫలితం చూసి కొందరు చెక్‌లిస్టు పనికిరాదన్నారు. కొందరు ఇంకొంచెం గట్టిగా నేర్పాల్సిందన్నారు. 'ఇలాంటి కేంద్రాల్లో కాన్పులు చేయమని అసలు ఎందుకు పంపుతున్నాం?' అని అడిగినవాళ్ళు తక్కువ.

ఎందుకు పంపుతున్నామంటే, ఆస్పత్రి కాన్పుల శాతం అన్నది అందరూ ఒప్పుకున్న కొలమానం కాబట్టి. 2005లో వచ్చిన జననీ సురక్షా యోజన ఆస్పత్రికి వచ్చిన తల్లికి డబ్బిచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 2005-06లో 39 శాతం ఉన్న ఆస్పత్రి కాన్పులు 2015-16కి 79 శాతానికి, 2019-21కి 89 శాతానికి చేరాయి. ప్రపంచంలో ఇంత వేగంగా ఆడవాళ్ళు కాన్పు చోటు మార్చుకున్న సందర్భాలు అరుదు. మరణాలూ తగ్గాయి. కానీ ఏ జిల్లాలో ఆస్పత్రి కాన్పులు ఎక్కువ పెరిగాయో అక్కడే మరణాలు ఎక్కువ తగ్గాయా అని వెనకబడిన రాష్ట్రాల్లో వెతికినవాళ్ళకు ఆ సంబంధం దొరకలేదు. ఆస్పత్రి గడప దాటడం వేరు, ఆస్పత్రిలో చికిత్స దొరకడం వేరు.

మన దగ్గర కూడా ఈ ముడి విప్పడం కష్టమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004-06లో లక్షకు 154 ఉన్న మరణాలు 2011-13కి 92కి దిగాయి. ఈ మధ్యలోనే 108 అంబులెన్సులు రోడ్డెక్కాయి, ఆశా కార్యకర్తలు వచ్చారు, పల్లె దారులు బాగుపడ్డాయి, ఇద్దరు పిల్లలతో ఆపేయడం ఇంటింటి అలవాటైంది. మూడో నాలుగో కాన్పు లేకపోతే ఆ కాన్పులో చావూ ఉండదు. వీటిలో దేని వాటా ఎంత? చీటీలు వేసి ఒక ఊరికి రోడ్డూ ఇంకో ఊరికి అంబులెన్సూ ఇవ్వలేదు కదా. మెయిన్, సెరీన్ థాడియస్ కలిసి 1994లో 'మూడు ఆలస్యాలు' అని ఒక చట్రం ఇచ్చారు: ఇంట్లో తేల్చుకోవడంలో, ఆస్పత్రి చేరడంలో, చేరాక చికిత్స అందడంలో. ప్రపంచమంతా వాడే ఈ చట్రం ఏ పరీక్షలోంచీ పుట్టలేదు. ఎక్కడెక్కడి చావుల కథలో చదివి కూర్చిన ఆలోచన అది. ఆధారాల నిచ్చెన మీద దాని మెట్టు చాలా కింద, వాడకంలో మాత్రం అన్నిటికన్నా పైన.

పెద్దాపరేషన్ల లెక్క

ఒక సంఖ్య తన ప్రశ్నను వదిలి ఎలా తిరుగుతుందో చూడాలంటే తెలంగాణ దాకా వస్తే చాలు. 1985లో బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో సమావేశమైన నిపుణులు ఏ ప్రాంతంలోనూ సిజేరియన్లు 10-15 శాతానికి మించనక్కర్లేదన్నారు. అప్పట్లో మరణాలు అతి తక్కువగా ఉన్న దేశాలను చూసి వేసిన అంచనా అది. ఆ మాట మూడు దశాబ్దాలు కొండగుర్తులా నిలబడింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సవరించింది. జనాభా మొత్తం మీద 10 శాతం దాటాక మరణాలు తగ్గినట్టు కనబడదు. అయినా ఒక శాతాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం కన్నా, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడాలంది.

2019-21 సర్వేలో తెలంగాణ సిజేరియన్లు 60.7 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం. ఇన్ని ఆపరేషన్లు జరిగే రాష్ట్రంలో మాతృ మరణాలు తక్కువే. అంటే మరణాల సంఖ్య ఒక్కటే చూసే మనిషికి ఇక్కడ ఇబ్బందేమీ కనిపించదు. కోత పుండు, తరువాతి కాన్పులో మాయ అతుక్కుపోయే ముప్పు, అప్పు, నడుం నొప్పి ఆ లెక్కలో లేవు. ఎందుకిన్ని అంటే డాక్టర్ల ఆదాయం, కేసులవుతాయన్న భయం, నొప్పులు భరించలేమన్న అమ్మాయిలు, వీటితో పాటు ముహూర్తం. పంచాంగం చూసి గంటా నిమిషం చీటీ మీద రాసుకొచ్చే తాతగారిని ఏ అంతర్జాతీయ సమీకరణంలో దినుసుగా వేస్తారో నాకు తెలియదు. దీనికి మందుగా 2017లో తెలంగాణలో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలైంది. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆస్పత్రి అందుకు తోడు నిలిచింది. మరుసటి ఏడు కేంద్రమూ ఆ దారి పట్టింది. కొలంబోలో మంత్రసానిని పక్కన పెట్టిన ఇరవై ఏళ్ళకు, నొప్పులు పడే తల్లి పక్కన ఓపికగా కూర్చునే మనిషి కావాలని మళ్ళీ గుర్తొచ్చింది. ఈసారి ఆమెకు డిప్లొమా ఉంటుంది.

చివరి గడి

కాన్పు తరువాత తల్లి కింద పరిచే ప్లాస్టిక్ పట్టా ఒకటుంది. దానికి కింద గరాటు లాంటి సంచి, సంచి మీద గీతలు. కారిన నెత్తురు ఎంతో ఆ గీతలు చెబుతాయి. 2006లో బెళగావి ప్రాంతంలో 1,620 మంది తల్లుల మీద జరిగిన మిసోప్రోస్టాల్ మాత్ర పరీక్ష కోసం దీన్ని తయారుచేశారు. ఏఎన్ఎంలు ఆ మాత్ర ఇస్తే అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గిందని ఆ పరీక్ష తేల్చింది. అప్పట్లో పట్టా పని కొలవడమే. మాత్ర గురించే ప్రపంచమంతా ఏళ్ళ తరబడి వాదించుకుంది, గర్భస్రావానికీ అదే మాత్ర వాడతారు కాబట్టి వాదనలో రాజకీయమూ కలిసింది. పట్టాను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

2023లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆస్పత్రుల్లో జరిగిన ఇ-మోటివ్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. గీతల పట్టా పరిచి, గీత దాటగానే మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం అందులో పద్ధతి. తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల పొట్ట కోయాల్సి రావడం, మరణం కలిపి 4.3 శాతం నుంచి 1.6 శాతానికి పడిపోయాయి. మామూలుగా కంటితో చూసి అంచనా వేసేవాళ్ళు సగం రక్తస్రావాలను గుర్తించలేకపోయారు, పట్టా ఉన్నచోట నూటికి 93 దొరికాయి. కొలవడానికి పుట్టిన పరికరం పదిహేడేళ్ళకు వైద్యమైంది. నిపుణులు ఇది ముందే చూడలేదా అంటే, వాళ్ళు అడిగిన ప్రశ్న మాత్ర గురించి.

పెద్ద సంఖ్యల వెనక, చిన్న సంఖ్యలతో పనిచేసే పాత పద్ధతి ఒకటి నడుస్తూనే ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1952 నుంచి ప్రతి మాతృ మరణాన్నీ పేర్లు బయటపెట్టకుండా, ఎవరినీ శిక్షించకుండా విచారిస్తున్నారు. కేరళలో ప్రసూతి వైద్యుల సంఘం 2004లో అదే మొదలుపెట్టింది. అధిక రక్తస్రావం అన్నిటికన్నా ఎక్కువ మందిని తీసుకుపోతోందని వాళ్ళకు తెలిసింది అలాగే. అప్పుడు రక్తస్రావానికీ రక్తపోటుకూ ప్రమాణాలు రాసుకుని ఆస్పత్రుల్లో పెట్టుకున్నారు. శ్రీలంకలో 1940లలో లక్షకు 1,500 దాటిన మరణాలు తొంభైల నాటికి ముప్పైకి దిగువకు రావడం వెనకా ఊరూరా మిడ్‌వైఫ్‌లు, ఉచిత ఆస్పత్రులు, ఆడపిల్లల చదువుతో పాటు ఈ చావుల విచారణ ఉంది. చీటీలు వేసిన పరీక్ష ఒక్కటీ లేదు.

మన దేశంలోనూ 2010 నుంచి ప్రతి మాతృ మరణాన్నీ సమీక్షించాలన్న మార్గదర్శకాలున్నాయి. జిల్లా కలెక్టరు ఎదుటికి డాక్టర్లతో పాటు చనిపోయిన తల్లి తరఫున ఇద్దరు బంధువులను పిలవాలి. సాధారణంగా భర్తో, తల్లో వస్తారు. ఆ రాత్రి ఏం జరిగిందో మొదటి నుంచి చెబుతారు: నొప్పులు ఎప్పుడొచ్చాయి, ఆటో ఎవరిది, మొదటి ఆస్పత్రిలో ఏమన్నారు, రెండో ఆస్పత్రికి ఎన్ని గంటలకు చేరారు, నెత్తురు కోసం ఎవరెవరికి ఫోన్ చేశారు. వింటున్న ఉద్యోగి ముందు ఒక ఫారం ఉంటుంది. అందులో మొదటి ఆలస్యం, రెండో ఆలస్యం, మూడో ఆలస్యం అని మూడు గడులు. చెప్పిందంతా విని, అతను ఒక గడిలో టిక్కు పెడతాడు.